మామ సీరీస్ బోర్డు

మామ సంవత్సరికానికి తిరుపతి వెళ్లాను. కార్యక్రమం ముగిసి బంధువులందరూ బయలుదేరిన మరునాడు, అటక మీది సామాను దించి చూద్దామని అత్తమ్మ అన్నది. ఇత్తడి గంగాళం, పాత ట్రంకుపెట్టె, ఉయ్యాల గొలుసులు ఒక్కొక్కటే దిగాక, చిట్టచివర దుప్పటిలో చుట్టి నులకతాడుతో కట్టిన బరువైన మూట ఒకటి దిగింది. ముడి విప్పగానే వచ్చిన వాసనకు నేను ఉన్నచోటే కూర్చుండిపోయాను. లక్క, మైనం, ఎండిన టేకు చెక్క, ఏళ్ల ధూళి, వాటన్నిటి అడుగున ఎక్కడో టంకం పెట్టేటప్పుడు లేచే రోజిను పొగ కలిసిన ఆ వాసన, పదేళ్ల వయసు నుంచి కాలేజీలో చేరేదాకా ప్రతి వేసవి సెలవుల్లోనూ నేను పీల్చిన మామ రేడియో రిపేరు దుకాణం వాసన.

నేను ఆ వాసనలో ఉండగానే, బామ్మర్ది కొడుకు మూటలోని పాత రేడియో సెట్టు వెనక వేలాడుతున్న తీగను దులిపి, ప్లగ్గు పట్టుకొని గోడ దగ్గరికి వెళ్లాడు. ఇంజనీరింగు చదువుతున్న పిల్లవాడు, తాత సెట్టు పాడుతుందో లేదో చూడాలన్న ఉత్సాహం తప్ప వాడి తప్పేమీ లేదు. "పెట్టబాకురా అల్లుడూ!" అని నేను అరిచిన అరుపుకు వంటింట్లో ఉన్న అత్తమ్మ చేతిలోని గరిటెతో సహా పరుగెత్తుకొని వచ్చింది. అచ్చం మీ మామ అరిచినట్టే ఉంది నాయనా అని ఆమె ఆ తరువాత రెండుసార్లు అన్నది.

మామ భాషలో సెట్టును పెట్టడం వేరు, లేపడం వేరు. నిన్న పాడిన సెట్టును పెడతారు. ఏళ్ల తరబడి పడుకున్న సెట్టును లేపుతారు. లేపడానికి ఒక పూట కావచ్చు, నాలుగు రోజులు కావచ్చు, తొందర మాత్రం కూడదు.

*

మామ దుకాణం గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సందులో ఉండేది. తలుపుకు బదులు వరుసగా పలకలు ఉండేవి. ఒక్కో పలక మీద తారుతో అంకె వేసి ఉండేది. ఆ అంకెల వరుసలోనే తీయాలి, ఆ వరుసలోనే పెట్టాలి. ఉదయం పలకలు తీసి, వాకిట్లో నీళ్లు చల్లి, పటానికి ఊదుబత్తి వెలిగించి, టంకం కడ్డీ వేడెక్కడానికి పెట్టడం నా పని. కరెంటు లేని రోజున బొగ్గుల కుంపటిలో పెట్టే రాగి మొన కడ్డీ ఒకటి వేరుగా ఉండేది. గుడి గంటలు, సందులో పూలమ్మే ఆవిడ కేక, మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్ సన్నని రొద, వీటి మధ్య మామ బల్ల ముందు పీట వేసుకొని కూర్చొనేవాడు.

రేడియోలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు ఊళ్ల నుంచి బస్సు పైన వేసి, దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవారు. మూట విప్పకముందే మామ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్నాళ్లయిందయ్యా ఇది పాడి?" మొన్నటిదాకా పాడిందంటే ఒక దారి, ఏడాది దాటిందంటే ఇంకొక దారి. రెండో రకం సెట్టుకు నల్లదారంతో చీటీ కట్టి, దాన్ని వేరుగా పైఅరలో పెట్టేవాడు. నల్లదారం ఉన్న సెట్టు తీగను నేను తాకకూడదు.

ఆ సెట్టు కిందికి దిగాక మామ మొదట వెనక అట్ట తీసి, ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసేవాడు. ఎలుక మూత్రం వాసనా, కాలిన తారు వాసనా, ఏమీ కాని వట్టి ధూళి వాసనా అన్నది ఆయనకు మొదటి లెక్క. ఎలుకలు గూడు కట్టిన సెట్టులో తీగల తొడుగులు కొరికి ఉంటాయి, భాగాలన్నీ బిగించే ఇనుప చట్రం, చాసిస్సు, తుప్పు పట్టి ఉంటుంది. తరువాత మెత్తని కుంచెతో ధూళి దులపడం. ఆపైన కరెంటు తీగను రెండు వేళ్ల మధ్య వంచి చూసేవాడు. ఆ కాలపు తీగలకు లోపల రబ్బరు, పైన నూలు అల్లిక. పైకి బాగానే కనిపించేది, వంచితే లోపలి రబ్బరు జొన్నరొట్టె అంచులా పొడిపొడిగా రాలిపోయేది. అలాంటి తీగను రెండో మాట లేకుండా మార్చేవాడు.

సెట్టు లోపల గాజు గొట్టాల్లా ఉండే వాల్వుల మీద నంబరు యూ అక్షరంతో మొదలైతే మామ మరింత నెమ్మదించేవాడు. యూసీఎల్ 82, యూవై 85 వంటి వాల్వులున్న ఏసీ డీసీ సెట్లలో కరెంటును విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వులను వేడి చేసే హీటర్లన్నీ గొలుసుకట్టుగా 100 మిల్లీ ఆంపియర్ల కరెంటుతో వెలుగుతాయి, చాసిస్సు నేరుగా రెండు కరెంటు తీగల్లో ఒకదానికి కలిసి ఉంటుంది. రెండు కాళ్ల ప్లగ్గును తిప్పి పెట్టారంటే ఆ ఇనుప చాసిస్సు మీదికే 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ముందున్న నాబ్ ఒకటి ఊడిపోయి లోపలి కడ్డీ బయటికి కనిపిస్తుంటే, దానికి నాబ్ దొరికేదాకా ఆ సెట్టును మామ ముట్టుకొనేవాడు కాదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగి మరీ హెచ్చరించి పంపేవాడు.

*

సెట్టుకు అందే డీసీ కరెంటును సమంగా ఉంచే ఫిల్టర్ కండెన్సర్ అంటే ఏమిటో మామ నాకు చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తరువాత చదువులో ఎన్ని పుస్తకాలు చూసినా ఇంత తేలికగా ఎవరూ చెప్పలేదు.

"ఇత్తడి గిన్నెకు లోపల కళాయి ఉంటుంది కదరా, అట్టనే దీని లోపల అల్యూమినియం రేకు మీద ఒక సన్నని పొర ఉంటుంది. కరెంటును అడ్డం నిలబెట్టేది ఆ పొరే. రోజూ కరెంటు తగులుతా ఉంటే పొర గట్టిగా ఉంటుంది. ఏళ్లకేళ్లు పడుకోబెడితే కళాయి పోతుంది. కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసు కాస్తే ఏమవుతుంది?"

"చిలుమెక్కుతుంది మామా."

"ఇక్కడైతే పేలుతుంది. దీనికి కళాయివాడు ఎవరనుకున్నావు? కరెంటే. కానీ మెల్లగా రావాలి, ఒక్కసారిగా మీద పడకూడదు."

ఆయన చెప్పినదంతా అక్షరాలా నిజం. ఆ పొర అల్యూమినియం ఆక్సైడ్. వాడకం లేక అది బలహీనపడిన కండెన్సరుకు ఒక్కసారిగా 300 వోల్టులు ఇస్తే, ఆగవలసిన కరెంటు లోపలికి కారుతుంది. ఆ కారుడుకు కండెన్సరు వేడెక్కుతుంది, లోపల వాయువు పుట్టి డబ్బా పగులుతుంది. అదే కండెన్సరుకు కొద్ది వోల్టులతో మొదలుపెట్టి, గంటల తరబడి, పెద్ద నిరోధకం గుండా కరెంటును బొట్టుబొట్టుగా ఇస్తూ పోతే, ఆ పొర తిరిగి పెరుగుతుంది. అన్నిసార్లూ పెరగదు. డబ్బా ఉబ్బినా, అడుగున తడి మరక కనిపించినా దాన్ని బతికించే ప్రయత్నం చేయకుండా పారేయడమే మంచిదని మామ అనేవాడు.

*

గంగజాతర దగ్గరపడుతున్న వేసవిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. పాకాల వైపు ఊరి నుంచి ఒక అయ్యవారు తన తండ్రిగారి సెట్టును తెచ్చారు. తండ్రి పోయాక ఆరేళ్లుగా అది ధాన్యపు గదిలో ఉన్నదట. మామ దానికి నల్లదారం కట్టి పైఅరలో పెట్టి, కావలసిన సామాను కోసం మద్రాసు రిచ్చీ స్ట్రీటుకు వెళ్లాడు. దుకాణంలో నేనొక్కడినే. అప్పటికి రెండు మూడు వేసవులు పని నేర్చినవాణ్ని, ఆ సెట్టు పాడించి మామ వచ్చేసరికి ఆశ్చర్యపరచాలని బుద్ధి పుట్టింది. నల్లదారం విప్పి, సెట్టును బల్ల మీద పెట్టి, ప్లగ్గును నేరుగా సాకెట్టులో పెట్టాను.

డయలు దీపం వెలిగింది. కాసేపు ఏమీ లేదు. వాల్వులు ఎర్రబడుతూ వచ్చాయి. ఆ తరువాత స్పీకరులో సన్నగా గుయ్యిమని మొదలైన హమ్ము, తుమ్మెద గదిలోకి వచ్చినట్టు పెద్దదయింది. నేను సంతోషించాను, స్పీకరు బతికే ఉందని. మరుక్షణం ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు వాల్వు లోపల ఊదారంగు మెరుపు మెరిసింది, ఆ వెంటనే చెవులు దిమ్మెక్కే చప్పుడుతో కండెన్సరు పేలి, దాని లోపలి కాగితం, రేకు తునకలు గోడ మీది క్యాలెండరుకు అతుక్కున్నాయి. గది నిండా ముక్కు మండే వాసన. ప్లగ్గు పీకాలన్న తెలివి వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మరులోని తారు కరిగి బల్ల మీదికి కారుతున్నది. కాపాడవలసిన ఫ్యూజు ఎందుకు పోలేదని తరువాత చూస్తే, ఎవరో ఎప్పుడో ఫ్యూజు స్థానంలో లావుపాటి రాగి తీగ చుట్టి ఉంచారు. నేను అది కూడా చూడలేదు.

రాత్రి మామ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, ఒకసారి గాలి పీల్చి, "ఫిల్టరా?" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన సంచీ కింద పెట్టి, సెట్టు వైపు చూడకుండా, నా రెండు చేతులూ దీపం దగ్గరికి లాగి వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. మరునాడు అయ్యవారు వస్తే, "నా చేతిలో పోయింది అయ్యవారూ, నాలుగు రోజులు ఆగండి, మళ్లీ పాడిస్తాను" అని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. ఆ మాట నేను బల్ల కింద డబ్బాలు సర్దుతూ విన్నాను.

ట్రాన్స్‌ఫార్మరుకు కొత్త చుట్లు చుట్టే పని మాత్రం నాకే అప్పగించాడు. ఎక్కువ వోల్టేజి ఇచ్చే హైటెన్షన్ చుట్ట కాలిపోయింది. వోల్టుకు 6 చుట్ల లెక్కన, 250 వోల్టుల భాగాలు రెండింటికి కలిపి 3000 చుట్లు. వెంట్రుకకంటే కొంచెం లావుగా ఉండే ఎనామెల్ రాగి తీగ, చేత్తో తిప్పే చుట్టుడు యంత్రం. లెక్క తప్పకుండా ఉండడానికి నూరు చుట్లకొక చింతగింజ సత్తు గిన్నెలో వేయమన్నాడు. ఒక్కో వరుస పూర్తి కాగానే మైనపు కాగితం పరచి, దాని మీద తరువాతి వరుస. తీగ తెగితే మొదటికి రావాలి. ముప్పయ్యో గింజ గిన్నెలో పడిన చప్పుడు ఎంత తృప్తినిచ్చిందో మాటల్లో చెప్పలేను. ఆ సెట్టు జాతరకు ముందే ఊరికి వెళ్లింది.

*

ఆ సంఘటన తరువాతే మామ నన్ను సీరీస్ బోర్డు ముందు కూర్చోబెట్టాడు. మామిడి చెక్క పలక మీద రెండు బల్బు హోల్డర్లు, ఒక స్విచ్చి, ఒక సాకెట్టు, ఒక ఫ్యూజు, అంతే బోర్డంటే. సెట్టుకు వెళ్లే కరెంటు ముందు బల్బు గుండా వెళ్లాలి. సెట్టులో ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి, సెట్టుకు పోవలసిన భారమంతా తానే తీసుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే, చల్లని వాల్వులు మొదట ఎక్కువ కరెంటు గుంజుతాయి కనుక బల్బు ఒక్కసారి వెలిగి, అవి వేడెక్కుతున్నకొద్దీ తగ్గుతుంది, ఆపైన రెక్టిఫయరు పనిలోకి దిగినప్పుడు మరికాస్త పుంజుకొని ఎర్రని నిప్పుకణికలా నిలుస్తుంది. చిన్న రేడియోకు 60 వాట్లు, మైకుసెట్టు ఆంప్లిఫయరుకు 100 వాట్లు, పెద్దదైతే రెండు బల్బులు. ఆ వెలుగు పెరగడం, తగ్గడం చూసే సెట్టు లోపల ఏమి జరుగుతున్నదో మామ చెప్పగలిగేవాడు.

ఈ బల్బు కరెంటును తగ్గిస్తుందే గాని షాకును ఆపదని ఆయన పదేపదే చెప్పేవాడు. కాళ్లకు చెప్పులు ఉండాలి, కింద పొడి పీట ఉండాలి, ఎడమచేయి వీపు వెనక ఉండాలి. రెండు చేతులూ సెట్టులో పెడితే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సరులో కరెంటు దాగి ఉంటుంది కనుక, స్క్రూడ్రైవరుతో టప్పుమని కొట్టకుండా, తీగలకు నిరోధకం కట్టి మెల్లగా దించి, మీటరుతో సున్నా చూసిన తరువాతే వేలు పెట్టాలి.

తరువాతి కాలంలో ఆయన ఒక డిమ్మర్‌స్టాట్ కొన్నాడు, వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచే చక్రం. దానితో పని తేలికవుతుందని నేను అనుకున్నాను, కానీ మామ దాన్నీ పూర్తిగా నమ్మలేదు. వాల్వు రెక్టిఫయరున్న సెట్టుకు సగం వోల్టేజి ఇచ్చి కూర్చుంటే ఆ వాల్వు సరిగ్గా వేడెక్కదు, కండెన్సరుకు చేరవలసిన కరెంటు చేరదు, చాలీచాలని వేడితో గంటల తరబడి ఉంచితే వాల్వుల క్యాథోడ్లకూ మంచిది కాదు. అందుకని ఆయన రెక్టిఫయరు వాల్వు పీకి పక్కన పెట్టి, కండెన్సరుకు మాత్రం వేరే సప్లై నుంచి విడిగా కరెంటు ఇచ్చేవాడు.

మైకుసెట్లదీ ఇదే కథ. పెళ్లిళ్ల కాలం ముగిశాక మూలన పెట్టిన ఆంప్లిఫయర్లు మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేసరికి వరుసగా వచ్చేవి. వాటిని స్పీకరు తగిలించకుండా లేపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి అదుపు తప్పి లోపలి పూత చిట్లిపోతుంది, అందుకని మామ ఒక పాత బాకా స్పీకరును గోడకు శాశ్వతంగా వేలాడదీశాడు. రికార్డు ప్లేయర్లయితే మోటారులోని నూనె జిగురుగా మారి ఉండేది, రబ్బరు చక్రాలు గట్టిపడి ఉండేవి, ముల్లు వెనక ఉండే క్రిస్టల్ కార్ట్రిడ్జి మన వానాకాలపు తేమకు మూగబోయి ఉండేది. టేపురికార్డర్ల బెల్టులు నల్లని పాకంలా కరిగి వేళ్లకు అంటుకొని మూడు రోజులు వదిలేవి కావు.

*

మూటలో దొరికిన సెట్టు మామ పెళ్లయిన కొత్తలో అత్తమ్మ కోసం స్వయంగా కట్టినది. ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84, ఈజడ్ 80, ఐదు వాల్వులు. పెట్టె చంద్రగిరి వడ్రంగి చేసిన టేకు పెట్టె. మధ్యాహ్నం వంట ముగిశాక సిలోను నుంచి వచ్చే తెలుగు పాటలు, సాయంత్రం కడప స్టేషను, ఇవి అత్తమ్మ గంటలు. ఆ ఇంట్లో మిక్సీ వచ్చిన తరువాత కూడా రేడియో పాడుతున్నంతసేపు ఆమె మిక్సీ వేసేది కాదు, దాని గరగర పాటలో కలుస్తుందని.

వెనక అట్ట లోపలివైపు మామ పెన్సిలుతో రాసుకున్న వరుస కనిపించింది. దుకాణం మూసిన తరువాత కూడా ఏటా ఆయుధపూజ నాడు ఆయన ఆ సెట్టును లేపేవాడు. సంవత్సరం, బల్బు వాట్లు, లేచింది అన్న ఒక్క మాట, ప్రతి ఏటా ఒక వరుస. చివరి వరుసకు ఇప్పటికి తొమ్మిదేళ్లు. ఆ తరువాత ఆయన చేతులు వణకడం మొదలైంది. ఈలోపు 2021 నవంబరు వానలు వచ్చాయి. వీధిలోని నీళ్లు కింది గదిలోకి వచ్చాయట. అటక తడవలేదు గాని, ఆ తేమ ఇంటి చెక్కలన్నిటికీ ఎక్కింది.

సీరీస్ బోర్డు కూడా అటక మీదనే దొరికింది, కానీ బల్బులు లేవు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, లోపల తీగ వేడెక్కి ఎర్రబడే పాతరకం బల్బే కావాలి. గాంధీ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగినా దొరకలేదు. చివరికి కోడిపిల్లలకు వేడి కోసం పెట్టే బల్బులు కోళ్ల ఫారాల సామాను అమ్మేచోట ఉంటాయని ఒకాయన చెప్పాడు. అల్లుడు బండి మీద వెళ్లి 60 వాట్లవి రెండు, 100 వాట్లవి రెండు తెచ్చాడు.

నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు ధూళి, కొత్త మూడు కాళ్ల తీగ, కొత్త ఫ్యూజు. ట్రాన్స్‌ఫార్మరు చుట్లకూ చాసిస్సుకూ మధ్య కారుడు ఉందేమోనని తెలిసిన ఎలక్ట్రీషియన్ను పిలిచి, కారుడు కొలిచే మెగ్గరు పెట్టి చూపించాను, లేదు. స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు ఈఎల్ 84కు ముందుండే మైనపు కాగితం కండెన్సరును పరీక్షకైనా ఉంచకుండా మార్చాను. అది కారితే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజి చేరి, వాల్వు ప్లేటు ఎర్రగా కాలి, తనతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునూ తీసుకొనిపోతుంది.

రెండో రోజు, మూడో రోజు ఫిల్టరుకే సరిపోయాయి. ఒకే డబ్బాలో 32 మైక్రోఫారడ్ల భాగాలు రెండు. 10 కిలో ఓముల నిరోధకం గుండా 30 వోల్టులతో మొదలుపెట్టాము. ఆ నిరోధకం మీద మీటరు 10 వోల్టులు చూపితే కండెన్సరు గుండా 1 మిల్లీ ఆంపియరు కారుతున్నదని లెక్క. గంటకొకసారి అల్లుడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మొదటి భాగం చక్కగా దారికొచ్చింది. 300 వోల్టుల దగ్గర నిరోధకం మీద 4 వోల్టులకు దిగింది. రెండోది 180 వోల్టుల దగ్గర మొరాయించింది, కారుడు తగ్గకపోగా డబ్బా గోరువెచ్చనయింది. మామ అయితే ఇంకొక పూట చూసేవాడో లేదో తెలియదు, నేను మాత్రం ఆపి, ఆ భాగాన్ని విడదీసి చాసిస్సు కింద కొత్త కండెన్సరు కట్టాను. మామ చేతి టంకం ఒకటి కరిగించవలసి వచ్చినందుకు మనసు బాధపడింది. ఆయన టంకం ముక్కు పుడకలా గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. నాది ఎప్పుడూ అంత చిన్నగా రాదు.

నాలుగో రోజు సాయంత్రం సెట్టును పీట మీద పెట్టి, సీరీస్ బోర్డుకు తగిలించాము. అల్లుడు ఎడమచేయి వీపు వెనక పెట్టుకొని స్విచ్చి వేశాడు. బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగింది, మేమిద్దరమూ ఊపిరి బిగబట్టాము, అది మెల్లగా పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు దిగింది. డయలు గాజు వెనక దీపం. అర నిమిషానికి బల్బు కొంచెం పుంజుకొని నిలిచింది. వాల్వుల మీది ధూళి వేడెక్కిన వాసన గదిలో వ్యాపించింది, వంటింట్లో ఉన్న అత్తమ్మ ఆ వాసనకే తల ఎత్తిందని అల్లుడు గమనించాడు. పావుగంట అలాగే ఉంచి, చేయి అడ్డం పెట్టి ట్రాన్స్‌ఫార్మరు వేడి చూసి, ఆ తరువాతే బల్బును తప్పించి నేరుగా కరెంటు ఇచ్చాము.

స్పీకరులో గరగరలు వినిపించాయి. వీధిలో ఇప్పుడున్న ఎల్ఈడీ దీపాల, ఛార్జర్ల రొద అంతా మీడియం వేవులోకి వస్తుంది, మా చిన్ననాటి నిశ్శబ్దం ఆ బ్యాండులో లేదు. డయలు ముల్లును 900 కిలోహెర్ట్జ్ దగ్గరికి జరిపి, రాగి తీగ ఏరియలును కిటికీ చువ్వల దాకా లాగాక, ఆ గరగరల వెనక నుంచి కడప స్టేషను గొంతు వచ్చింది. వాల్వు సెట్టు గొంతుకు ఉండే ఆ నిండుదనాన్ని అల్లుడు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. చాసిస్సు కిందికి, స్పీకరు వైపుకు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

రాత్రి వంటకు వేళ అయింది. అత్తమ్మ మిక్సీ వేస్తే సెట్టు గరగరమంటుందని చెప్పి రావడానికి అల్లుడు లేచాడు. వాడు గడప దాటకముందే వంటింట్లో నుంచి రోలు కడిగిన నీళ్లు పారబోసిన చప్పుడు, ఆ వెంటనే రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు వినిపించాయి.